ఆటస్థలంలో నేల: ముందు ఎత్తు కొలవండి, టైల్స్ సంగతి తర్వాత

మీరు పెట్టిన వివరాలు ఒకసారి క్లుప్తంగా రాస్తాను, తర్వాత చదివేవాళ్లకు కూడా పనికొస్తుంది. జాగా 10 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. సగం సిమెంటు గచ్చు, సగం గడ్డి. అందులో 1.5 మీటర్ల ఎత్తు జారుడుబల్ల, రెండు సీట్ల ఉయ్యాల (కొక్కేల ఎత్తు 2.2 మీటర్లు), విల్లులా వంగిన ఇనుప నిచ్చెన (పైభాగం 1.8 మీటర్లు) పెట్టాలనుకుంటున్నారు. ఆడేది రెండేళ్ల నుంచి పదేళ్ల లోపు పిల్లలు. గచ్చు మీద 25 మి.మీ. రబ్బరు టైల్స్ అతికిస్తే సరిపోతుందని అమ్మేవాళ్లు చెప్తున్నారు. కమిటీలో ఒకాయన ఇసుక పోయిద్దామంటున్నారు, ఇంకొకరు గడ్డి ఉన్నవైపు అలాగే వదిలేద్దామంటున్నారు. వీటిలో ఏది మంచిది, టైల్స్ అయితే ఏ రంగు తీసుకోవాలి అని అడిగారు.

ఆటస్థలాల నేలలు వేయించడం, వేసినవాటిని తనిఖీ చేయడం చాలా ఏళ్లుగా నా పని. మీ దగ్గర వినిపిస్తున్న మూడు సలహాలనూ ఉన్నవున్నట్టుగా నేను ఒప్పుకోను. అందరూ ‘ఏ పదార్థం’ దగ్గర మొదలుపెడుతున్నారు. మొదలుపెట్టాల్సింది ‘ఎంత ఎత్తు నుంచి పడొచ్చు’ దగ్గర. ఆ ఒక్క అంకె తేలితే సగం పదార్థాలు వాటంతట అవే పోటీలోంచి తప్పుకుంటాయి.

రెండు మీటర్ల ఎత్తు నుంచి జారిపడిన పిల్ల నేలను తాకేసరికి వేగం గంటకు 22 కిలోమీటర్లు దాటుతుంది. ఆ వేగమంతా ఎంత దూరంలో ఆగిందన్నదాన్ని బట్టే దెబ్బ ఉంటుంది. లెక్క తేలికే. పడిన ఎత్తును ఆగిన దూరంతో భాగించండి. 2 మీటర్లు పడి, నేల 4 సెం.మీ. లోపలికి కుంగుతూ ఆపితే తల మీద పడే సగటు తాకిడి గురుత్వాకర్షణకు 50 రెట్లు. 2 సెం.మీ.లో ఆగితే 100 రెట్లు. గచ్చు అసలు కుంగదు కాబట్టి 2 మి.మీ.లో ఆగిందనుకుంటే వెయ్యి రెట్లు. ఇప్పుడు మీ 25 మి.మీ. టైల్ చూడండి. అది సగం మందం వరకూ నొక్కుకుందనుకున్నా 12 మి.మీ. చిల్లర. 2 మీటర్ల నుంచి పడితే సగటే 160 రెట్లకు చేరుతుంది, గరిష్ఠం అంతకంటే చాలా ఎక్కువ. షాపులో బొటనవేలితో నొక్కి ‘మెత్తగానే ఉంది కదండీ’ అంటారు. బొటనవేలు గంటకు 22 కిలోమీటర్ల వేగంతో వచ్చి తగలదు.

దీన్ని కొలవడానికి ప్రమాణాలున్నాయి. అమెరికాది ఏఎస్‌టీఎం ఎఫ్1292, ఐరోపాది ఈఎన్ 1177. రెండింటి పద్ధతీ దాదాపు ఒకటే. లోపల సెన్సర్ పెట్టిన 4.6 కిలోల లోహపు అర్ధగోళాన్ని తల బదులుగా నేల మీదికి వదులుతారు, ఎత్తు పెంచుకుంటూ పోతారు. గరిష్ఠ తాకిడి 200 జీ (గురుత్వాకర్షణకు 200 రెట్లు) దాటకూడదు. తాకిడి తీవ్రతనూ అది ఎంతసేపు ఉందన్నదాన్నీ కలిపి లెక్కగట్టే హెచ్‌ఐసీ అనే అంకె 1000 దాటకూడదు. రెండిట్లో ఏ హద్దు ముందు దాటితే అక్కడ ఆపేస్తారు. ఆ ఎత్తునే ‘క్రిటికల్ ఫాల్ హైట్’ అంటారు. మీరు అమ్మేవాళ్లను అడగాల్సిన మాట ఇదొక్కటే: ‘ఇదే మందానికి క్రిటికల్ ఫాల్ హైట్ ఎంత? రిపోర్టు చూపించండి.’ మందం రాయని రిపోర్టు చెల్లదు. 75 మి.మీ.కి చేయించిన రిపోర్టు చూపించి 25 మి.మీ. సరుకు అంటగట్టడం నాకు కొత్త కాదు. నేను చూసిన రిపోర్టుల్లో 25 మి.మీ. టైల్ ఒక మీటరు దాటడం అరుదు.

ఇక్కడ ఒక మాట. హెచ్‌ఐసీ 1000 లోపు ఉంటే దెబ్బే తగలదని అర్థం కాదు, ప్రాణం మీదికొచ్చే తలగాయం అవకాశం బాగా తగ్గుతుందని మాత్రమే. చేతులు ఆనించి పడినప్పుడు మణికట్టు, మోచేయి విరగడాన్ని ఏ నేలా పూర్తిగా ఆపలేదు. ఈ సంగతి కమిటీకి ఇప్పుడే చెప్పి పెట్టండి. లేకపోతే రేపు ఎవరికైనా చేయి విరిగితే ‘ఇంత ఖర్చు పెట్టి ఏం లాభం’ అని మొదలవుతుంది.

ఇక మీ జాగా కొలతలు. టేపు పట్టుకుని కూర్చుంటే నాకే ఆశ్చర్యం వేసింది. పిల్లలు పడే అవకాశమున్న మేరంతా మెత్తటి నేల ఉండాలి. సీపీఎస్‌సీ అనే అమెరికా ప్రభుత్వ సంస్థ ఆటస్థలాల మీద వేసిన చేతిపుస్తకం ప్రకారం ప్రతి పరికరం చుట్టూ కనీసం 1.8 మీటర్లు. ఉయ్యాలకైతే ముందూ వెనకా కొక్కేల ఎత్తుకు రెట్టింపు, అంటే మీకు ముందు 4.4, వెనక 4.4, మొత్తం 8.8 మీటర్లు. చట్రం వెడల్పు మూడున్నర మీటర్లనుకుంటే పక్కల 1.8 చొప్పున కలిపి 7.1. అంటే 8.8 x 7.1 మీటర్ల జాగా ఒక్క ఉయ్యాలే మింగేస్తుంది! మీ మొత్తం స్థలం 10 x 8. ఉయ్యాల ఊగే దారిలో ఇంకో పరికరం హద్దు కలవకూడదు కాబట్టి, జారుడుబల్లకీ నిచ్చెనకీ ఇక చోటు లేదు. అదే ఉయ్యాల తీసేస్తే మిగతా రెండూ, వాటి మధ్య ఉండాల్సిన 2.7 మీటర్ల ఖాళీతో సహా, పొడవు వైపున సరిగ్గా పడతాయి.

కాబట్టి నేల గురించి అడిగితే నేనిచ్చే మొదటి సలహా ఉయ్యాల వద్దని. పిల్లలు గోల చేస్తారు, తెలుసు. వేరే చోట విడిగా జాగా దొరికితే అక్కడ పెట్టండి. ఇక్కడ ఇరికించొద్దు. దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది. ఉయ్యాలకు పడే ఎత్తు కొక్కేల నుంచి లెక్కేస్తారు, అంటే 2.2 మీటర్లు. జారుడుబల్లకు పైన నిలబడే పలక ఎత్తు, 1.5. ఎక్కే నిచ్చెనకు అన్నిటికంటే పై మెట్టు, 1.8. ఉయ్యాల పోతే మీకు కావాల్సింది 1.8 మీటర్లను తట్టుకునే నేల. నిచ్చెన ఇంకా కొనకపోతే 1.5 మీటర్లది తీసుకోండి, పని ఇంకా తేలికవుతుంది. ఎత్తు తగ్గించడం కంటే చవకైన భద్రత లేదు.

గడ్డి సంగతి రెండు ముక్కల్లో. ఐరోపా ప్రమాణాలు బాగా పెరిగిన గడ్డినేలను ఒక మీటరు దాకా ఒప్పుకుంటాయి. సీపీఎస్‌సీ అసలు లెక్కలోకే తీసుకోదు. వాళ్ల పుస్తకంలో గడ్డీ మట్టీ రక్షణ ఇచ్చే నేలలు కావు. నేను కూడా తీసుకోను. నిచ్చెన కింద గడ్డి రెండు నెలలు కూడా బతకదు. ఆ తర్వాత మిగిలేది తొక్కి తొక్కి గట్టిపడిన నేలే.

ఇసుక అన్న పెద్దాయనది పాత అనుభవం, తీసిపారేయను. కానీ మంచి ఇసుకకూ ఇంటి పని ఇసుకకూ చాలా తేడా ఉంది. గింజ గుండ్రంగా ఉండాలి, కడిగినది కావాలి, మట్టి కలిసి ఉండకూడదు. గుప్పిట్లో తడి ఇసుక పట్టి పిండి వదలండి. ముద్దగా నిలబడితే అది పనికిరాదు, నాలుగు వానలకు పలకలా బిగుసుకుంటుంది. లోతు విషయంలో రెండు ప్రమాణాలకూ పొత్తు కుదరదు. 0.2 నుంచి 2 మి.మీ. గింజ ఉన్న శుభ్రమైన ఇసుక 20 సెం.మీ. ఉంటే 2 మీటర్లకు చాలంటుంది ఐరోపా పట్టిక (చెదిరిపోయేదానికి ఇంకో 10 సెం.మీ. అదనం). సీపీఎస్‌సీ పట్టికలో 23 సెం.మీ. ఇసుకకు దక్కింది 1.2 మీటర్లే. మీకు గింజ కొలిచి ఇచ్చే సరఫరాదారు దొరకడం కష్టం కాబట్టి కఠినంగా ఉన్న అంకెనే పట్టుకోండి. ఆ లెక్కన మీ నిచ్చెనకు ఇసుక చాలదు. పైగా పిల్లులు. రాత్రి కప్పకుండా వదిలేసిన ఇసుక వాటి మరుగుదొడ్డి అవుతుంది, వాటి మలంలోంచి వచ్చే పరాన్నజీవులు చిన్నపిల్లల నోట్లోకి చేరతాయి. ఓ మూలన కట్టిన చిన్న ఇసుకగుంట ఆడుకోవడానికి బాగుంటుంది, రోజూ సాయంత్రం మూత వేస్తే. పడే చోట వద్దు.

నున్నటి గులకరాళ్లు 23 సెం.మీ. పోస్తే 1.5 మీటర్ల దాకా వస్తాయి. మీ దగ్గర రెండేళ్ల పిల్లలున్నారు కాబట్టి ఆ ఊసే ఎత్తకండి. ముక్కులో, చెవిలో, నోట్లో దూరుతాయి.

పాత టైర్లను తరిగిన వదులు రబ్బరు ముక్కలు అంకెల్లో అదరగొడతాయి. 15 సెం.మీ. పోస్తే 3 మీటర్లు. నాకు మాత్రం ఇష్టం లేదు. లోపల ఉక్కు తీగలు మిగిలిపోకుండా చూసుకోవాలి, ఎండకు వాసన, అంటుకుంటే మండుతుంది, పసిపిల్లలు నోట్లో పెట్టుకుంటారు. జేబుల్లో, చెప్పుల్లో ఇళ్లకు చేరడం ఎలాగూ ఉంటుంది.

చెక్క ముక్కలు, బెరడు ముక్కల్ని మాత్రం జనం అనవసరంగా చులకన చేస్తారు. సీపీఎస్‌సీ పట్టికలో 23 సెం.మీ. చెక్క మల్చ్‌కు (చీల్చి తరిగిన కలప) 2.1 మీటర్లు, చెక్క చిప్స్‌కు 3 మీటర్లు ఉంది. మీ 1.8కి రెండూ సరిపోతాయి. అయితే వడ్రంగి షాపులో ఊడ్చిన రంపపు పొట్టు కాదు, అది తడిస్తే బూజు పట్టి పిండిలా అణిగిపోతుంది. పాత స్తంభాలు, రంగేసిన తలుపులు తరిగించినదీ వద్దు. ఒకప్పుడు కలప చెదలు పట్టకుండా ఆర్సెనిక్ కలిసిన మందు ఎక్కించేవారు, ఆ ముక్క మీ ఆటస్థలంలోకి రాకూడదు. మేకులుండే అవకాశం ఎలాగూ ఉంది. మందు పెట్టని, ఆట స్థలాల కోసమే తరిగిన ముక్క కావాలి.

ఇలా వదులుగా పోసే దేనికైనా ఒక సూత్రం ఉంది. పోసిన లోతు నిలవదు, కనీసం పాతిక శాతం అణుగుతుంది. 23 సెం.మీ. నిలవాలంటే మొదట 30 పోయాలి. మీ 80 చదరపు మీటర్లకు 24 ఘనపు మీటర్లన్నమాట. ఒక లారీ తోలి ‘అయిపోయింది’ అంటే నమ్మకండి, లెక్కపెట్టి దింపించుకోండి. చెక్క మెల్లగా కుళ్లి మట్టవుతుంది కాబట్టి ఏటా కొంత మళ్లీ పోయాల్సిందే.

ఇప్పుడు గచ్చు. చెక్క ముక్కల్ని నేరుగా గచ్చు మీద పోసేద్దామని ఎవరో ఒకరు అంటారు, ఖాయం. వద్దు. నీరు పోయే దారి ఉండదు. జారుడుబల్ల దిగే చోట పిల్లలు కాళ్లతో చెదరగొట్టగానే గచ్చు బయటపడుతుంది. అది మీరు మొదట్లో తప్పించుకోవాలనుకున్న గచ్చే. పగలగొట్టి తీయించండి. మొత్తం 40 సెం.మీ. లోతు తవ్వించి, అడుగున 10 సెం.మీ. కంకర, దాని మీద జియోటెక్స్‌టైల్ గుడ్డ, ఆ పైన 30 సెం.మీ. ముక్కలు. గుడ్డ లేకపోతే ఏడాదికల్లా కంకర పైకి, ముక్కలు కిందికి కలిసిపోతాయి. అడుగు నేల ఒక వైపుకి కొద్దిగా వాలుగా ఉండి, ఆ చివర చిల్లుల గొట్టం ఒకటి బయటికి పోవాలి. తవ్విన గుంటలో రెండు బకెట్ల నీళ్లు పోసి అరగంట చూడండి. నిలబడితే ముందు దాని సంగతి చూడాలి. తడిసి ముద్దయిన ముక్క మెత్తదనం పోగొట్టుకుంటుంది, గడ్డకట్టే చలి ఉన్న చోట్లయితే రాయే అవుతుంది.

గచ్చు పగలగొట్టే పరిస్థితి లేకపోతే అప్పుడు రబ్బరు, కానీ 25 మి.మీ. కాదు. 1.8 మీటర్లు దాటిన రిపోర్టు ఉన్న మందమే. అది టైల్ అయినా సరే, అక్కడికక్కడే పోసే రబ్బరయినా సరే. పోసేదానిలో రెండు పొరలుంటాయి: కింద టైర్ల రబ్బరు ముక్క, ఎస్‌బీఆర్ అంటారు, దెబ్బ కాచేది అదే. పైన ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు రంగుల గింజ, అది అరుగుదల కోసం, అందం కోసం. రెంటినీ పాలీయురేథేన్ జిగురు పట్టి ఉంచుతుంది. ఖర్చు మిగుల్చుకోవాలనుకునేవాడు కోత పెట్టేది కంటికి కనపడని కింది పొరలోనే.

ఇక్కడ నా తప్పొకటి చెప్పుకోవాలి. పని నేర్చుకున్న కొత్తలో ఒక చోట 75 మి.మీ. పోత రబ్బరుకు సరే అని సంతకం పెట్టాను. అంచు దగ్గర కోసి కొలిచాను, 75 ఉంది. రంగులు కూడా ముచ్చటగా కుదిరాయి. కొన్నాళ్లకు ఒక చోట పగులిస్తే మరమ్మతు కోసం మధ్యలో కోశాం. బిళ్ల చేతిలోకి వచ్చాక కొలబద్ద పెట్టి చూస్తే 31. పైన రంగుల పొర 12, కింద నల్లటి పొర 19 మి.మీ., అంతే. పైన పటారం, లోన లొటారం అంటే అదే. అప్పటినుంచి అంచుల దగ్గర కొలవను. ఎక్కువ ఎత్తున్న పరికరం కింద, నేను చూపించిన చోట, నేను చూస్తుండగా కోయిస్తాను. ఆ కోసిన చోటు పూడ్చే ఖర్చు కాంట్రాక్టులోనే రాయించండి. వీలైతే వేసిన తర్వాత అక్కడికక్కడ తాకిడి పరీక్ష చేయించే షరతు కూడా పెట్టండి. రబ్బరు ఏళ్ల తరబడి ఎండకు బిగుసుకుంటుంది కాబట్టి ఆ పరీక్ష మధ్యమధ్యలో మళ్లీ చేయించాలి. కృత్రిమ గడ్డికీ ఇదే మాట. గడ్డి ఒక్కటే ఏమీ కాయదు, కింద వేసే మెత్తటి పొరతో కలిపి చేసిన రిపోర్టు చూడండి.

చక్రాల కుర్చీలో వచ్చే పిల్లలుంటే వదులు ముక్కల మీద చక్రం కూరుకుపోతుంది. అలాంటి పిల్లలు మీ దగ్గర ఉంటే జారుడుబల్ల మెట్ల దాకా ఒక రబ్బరు దారి వేసి, మిగతాది చెక్క ముక్కలతో నింపొచ్చు. రెంటికీ మధ్య మెట్టులా ఎత్తు తేడా రాకుండా చూసుకోవాలి.

మీ కమిటీలో నేను కూర్చుంటే ఒకే ప్రశ్న అడుగుతాను: వారానికోసారి రేక్ (చెదిరిన ముక్కల్ని సమం చేసే పళ్ల కర్ర) పట్టుకునేది ఎవరు? పేరు చెప్పగలిగితే చెక్క ముక్కలు, చెప్పలేకపోతే మందపాటి రబ్బరు. నా ఓటు మొదటిదానికే. చవక, తప్పు జరిగితే కళ్లకు కనిపిస్తుంది, ఒక బస్తా పోస్తే సర్దుకుంటుంది. రబ్బరులో తప్పు పైకి కనపడదు.

ఆ రేక్ పట్టుకునే మనిషికి పని తేలికయ్యేలా ఒక చిన్న ఏర్పాటు చేయండి. పరికరాల స్తంభాల మీద ముక్కలు ఉండాల్సిన ఎత్తుకి రంగుతో గీత కొట్టించండి. గీత కింద స్తంభం కనిపిస్తే లోతు తగ్గినట్టే. అయినా గీత ఒక్కదాన్నే నమ్మొద్దు. పిల్లలు స్తంభాల చుట్టూ తవ్వరు, జారుడుబల్ల చివర తవ్వుతారు. నేను తనిఖీకి వెళ్తే సంచిలో సన్నటి ఇనుప చువ్వ ఉంటుంది, సెంటీమీటర్ల గీతలు గీసి. ఒకసారి స్తంభం దగ్గర గుచ్చితే 28 వచ్చింది. జారుడుబల్ల పెదవి కింద గుచ్చితే 6 దగ్గర టక్కుమంది, కంకర. పక్కనే చిన్న మడమలు దున్నిన రెండు చాళ్లు ఉన్నాయి, తొలగిన ముక్కలన్నీ అర మీటరు అవతల దిబ్బలా ఉన్నాయి. అందుకే ఆ చోట ముక్కల అడుగున ఒక రబ్బరు మ్యాట్ పరిచి దాని మీద పోయిస్తే మంచిది. స్తంభాల సిమెంటు దిమ్మెలు పైకి తేలాయేమో కూడా అప్పుడే చూడమనండి.

చివరిగా రంగు. నీలమా ఎరుపా అన్నారు. చెక్క వేస్తే ఆ గొడవే లేదు. రబ్బరయితే దొరికినవాటిలో లేత రంగు తీసుకోండి, నలుపు, ముదురు నీలం వద్దు. ఎండలో ముదురు రబ్బరు పసిపిల్లల పాదాలు బొబ్బలెక్కేంత వేడెక్కుతుంది. శాంపిల్ ముక్కలు రెండు మూడు రంగుల్లో అడిగి తెచ్చి, మధ్యాహ్నం రెండు గంటలకు మీ గచ్చు మీదే గంటసేపు పడేయండి. తర్వాత అరచెయ్యి కాదు, చేతి వెనకవైపు ఆనించి అయిదు లెక్కపెట్టండి. అయిదు దాకా ఉంచలేకపోయిన రంగును పక్కన పెట్టేయండి.